ఏడు ఫైళ్ళు, ఒకటే పేరు

ఎవరో తన కుర్చీలో కూర్చుని వెళ్ళారు. ఎత్తు రెండు వేళ్ళు తగ్గింది, పదకొండేళ్ళుగా మోకాలు బల్ల అంచుకి ఎక్కడ తగులుతుందో అక్కడ తగలడం లేదు, కాబట్టి ఎవరో కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు పొట్టివాళ్ళు, లేదా పొట్టివాళ్ళమని నమ్మించాలనుకున్న పొడుగువాళ్ళు. సర్వరమ్మ మీట నొక్కి కుర్చీని పైకి లేపుకుని తలుపు వైపొకసారి, ఏసీ వైపొకసారి చూసింది. ఏసీ కూడా ఇవాళ ఎవరి తరఫునో గొణుగుతున్నట్టే ఉంది. ఈ నీటి పరీక్షల ల్యాబ్‌లో ఆమెకి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు, అనుమానం మాత్రం ఒకరిద్దరి దగ్గర ఆగి ఉంది. కింది అంతస్తులో కిటికీ లేని ఈ చలిగదిలో, ల్యాబ్ రిపోర్టులన్నీ కడుపులో పెట్టుకున్న సర్వర్లకి కాపలా కాయడం ఆమె పని, కాబట్టి సర్వరమ్మ. కాపలా కాసే మనిషికి అనుమానం జబ్బు కాదు, జీతంలో భాగం అని ఆమె అనుకుంటుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం జబ్బనే అంటారు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది, చేతి గడియారం పదకొండూ రెండు. ఆ రెండు నిమిషాల తేడా కూడా ఆమెకి నచ్చలేదు.

పన్నెండుకి తనిఖీవాళ్ళు వస్తారు. ఆలోపు పేరు కావాలని డైరెక్టరమ్మ పొద్దున్నే పిలిచి చెప్పింది, కారణాలు తర్వాత చూద్దాం ముందు పేరు అంది, ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎలా ఉంటుంది, ఊరి చివర బడిలో అరవైమంది పిల్లలు కడుపు పట్టుకుని ఆసుపత్రిలో పడి ఉంటే. ఆ బడి బావినీళ్ళు రెండేళ్ళ కిందట పరీక్షించింది ఇక్కడే. పరీక్ష చేస్తూ చేత్తో రాసుకున్న పుస్తకంలో తాగడానికి పనికిరావు అని ఉంది, కంప్యూటరు రిపోర్టులో పనికొస్తాయి అని ఉంది, ఆ కంప్యూటరు మాట నమ్మే, మూసి ఉంచిన బావిని పోయిన నెల మళ్ళీ తెరిచారు. అంటే ఎవరో వేలు పెట్టారు. ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరు పెట్టారో అందరికీ కావాలి. సర్వరమ్మ నల్లటి తెర మీద ఫైండ్ అని కొట్టింది. ఫైండ్ అంటే వెతికే కమాండ్, ఏ మూల ఏ ఫైలు నక్కి ఉన్నా చెవి పట్టుకుని లాక్కొస్తుంది, అడిగితే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ వరసగా చెబుతుంది: ఎవరి సొత్తు, ఎంత పెద్దది, ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఆఖరుసారి ఎప్పుడు మారింది. అన్నీ చెప్పనిస్తే తెర నిండిపోయి కళ్ళు లాగుతాయని ఆమె ఏనాడో ఒక అడ్డదారి రాసిపెట్టుకుంది: యజమాని పేరు, ఫైలు పేరు, అంతే. పదకొండేళ్ళలో ఈ గది మెట్లు దిగినవాళ్ళంతా ఎవరు అని అడిగారే గానీ, ఎప్పుడు అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆ బావినీళ్ళు పరీక్షించిన ఏడాదివి నాలుగు వందల పన్నెండు ఫైళ్ళు వచ్చాయి. దాదాపు అన్నిటి పక్కనా ల్యాబ్ ఉమ్మడి పేరే ఉంది. ఎవరైనా ఫైలు తెరిచి మార్చి సేవ్ చేసి దాచుకుంటే అది దాచుకున్నవాళ్ళ పేరు మీదికి వస్తుంది, అలా ఏడింటి పక్కన పేరు మారి ఉంది. ఏడూ ఆ బడివే. ఏడింటి పక్కనా తన తోడికోడలి పేరు.

గుండె ఝల్లుమనాలి కదా, అనలేదు. ముందు కలిగింది సంతోషం. ఆ సంగతి ఆమె తనకి తాను కూడా ఒప్పుకోలేదు గానీ, వీపు కుర్చీకి ఆనిన తీరూ, అరచేతుల్లోకి వచ్చిన వెచ్చదనమూ సంతోషానివే. ఎనిమిదేళ్ళుగా నేను చెబుతూనే ఉన్నాను అనే మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. నిజానికి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఏమని చెబుతుంది, ఆ పిల్ల నవ్వితే నాకు నచ్చదని చెబుతుందా, అత్తగారి మందుల డబ్బాకి మూత సరిగా పెడుతుందని ఫిర్యాదు చేస్తుందా. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా. ఇప్పుడు చెప్పడానికి ఒకటి దొరికింది. కంప్యూటరే చెప్పింది, తను చెప్పలేదు, అది ఇంకా బాగుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆ మనిషే వచ్చింది, చేతిలో టీ కప్పుతో, మెడలో నాలుగు నెలల కొత్త గుర్తింపు కార్డుతో. రిపోర్టులు టైపు చేసే పని ఆమెది. ఆ పని ఇప్పించింది సర్వరమ్మే.

"అక్కా, పొద్దున్నించీ ఏమీ తాగినట్టు లేవు. రిపోర్టులు టైపు చేసేదాన్ననేమో, పైన అందరూ నన్ను చూసి మాట మింగేస్తున్నారు, ఏం జరిగింది?"

"ఆ బడి రిపోర్టులు నువ్వు ముట్టుకున్నావా?"

"ఏ బడి?"

"ఏ బడి అంటుంది చూడు. ఇదిగో, ఏడు ఫైళ్ళు. పక్కన ఎవరి పేరుందో నువ్వే చదువు."

చిన్నకోడలు వంగి చదివింది. చదువుతుంటే పెదాలు కదిలాయి, ఏడుసార్లూ కదిలాయి. టీ కప్పు బల్ల మీద పెట్టింది, పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. "నా పేరే" అంది. మళ్ళీ తెర వైపు చూసి, "ఇది తప్పు చూపించే అవకాశం లేదా అక్కా?" అంది.

"కంప్యూటరు తప్పు చూపించదు. తప్పులు చేసేది మనుషులే."

ఆ పిల్ల ఒకసారి తల ఊపి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

చూశావా, కాదని ఒక్క మాట అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు చూపిస్తుందా అని అడిగింది. చెయ్యనివాళ్ళయితే అరవరూ, నా మీద పడి ఏడవరూ, ఒట్టు వేయరూ? తనయితే ఈ గది పైకప్పు లేచిపోయేలా అరిచేది. ఇంత మెత్తగా తల ఊపి వెళ్ళిందంటే ఎక్కడికి వెళ్ళింది, ఎవరికి ఫోను చేస్తోంది, ఇంకే ఫైలు తుడిచేస్తోంది? సర్వరమ్మ గబగబా ఆ పిల్ల కంప్యూటరు మీద ఏం నడుస్తోందో చూసింది. ఏమీ నడవడం లేదు. ఏమీ నడవకపోవడం మరీ అనుమానంగా ఉంది. టీ వంక చూసింది, మీగడ కట్టింది, తాగలేదు. ఎందుకు తెచ్చినట్టు? రోజూ తెస్తుందనుకో, ఇవాళ కూడా ఎందుకు తెచ్చినట్టు? పెళ్ళయి ఇంట్లో అడుగు పెట్టిన రోజు కూడా ఇంతే, అందరూ కూర్చుని ఉంటే తిన్నగా వచ్చి ఈమె పక్కన నేల మీద కూర్చుని, అక్కా నాకు ఇక్కడ ఎవరూ తెలియదు, నువ్వు ఏది చెబితే అదే చేస్తాను అంది. అంత మంది ఉండగా నా పక్కనే ఎందుకు కూర్చున్నట్టు, ఆ వంగిన మెడ కింద ఏముందో అని సర్వరమ్మ ఆ రాత్రి భర్తని అడిగింది. భర్త దుప్పటి ముసుగు తన్నాడు, ఆయన దగ్గర అన్ని ప్రశ్నలకీ అదే జవాబు. అప్పటినించీ ఎనిమిదేళ్ళు ఆ పిల్ల ఏది చెబితే అది చేసింది. ఉప్పు తక్కువెయ్యి అంటే తక్కువేసింది, వెనక గది తీసుకో అంటే తీసుకుంది, ఆ గదికి ఎండ రాదని ఒక్కనాడూ అనలేదు. ఇంత మంచితనం ఉత్తినే ఎవరికుంటుంది? నోట్లో నాలుక లేనివాళ్ళ కడుపులోనే ఏదో ఒకటి ఉంటుంది. మూత సరిగా పట్టని పాత కుక్కరు తన పెట్టెలోంచి తీసి, ఇది వాడుకో, పారేయడం ఎందుకు అని ఇస్తే, రెండు చేతులతో పట్టుకుని మురిసిపోయింది. మూత పట్టని కుక్కరుకి ఎవరైనా మురుస్తారా, నటన కాకపోతే?

నాలుగు నెలల కిందట మరిది పనిచేసే కర్మాగారం మూతపడింది. భర్త ముసుగులోంచి తల బయటపెట్టి, మీ ఆఫీసులో ఒక మాట చెప్పకూడదూ, నలుగురు తినాలి కదా, అన్నాడు. చెప్పకూడదనే అనుకుంది. ఇంటి తలనొప్పిని ఆఫీసుకి తెచ్చుకోవడం ఎందుకని వారం పాటు నాన్చింది, చివరికి అత్తగారు అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తుంటే చెప్పింది. ఇప్పుడు మరిది సంసారానికి వచ్చే జీతం ఆ పిల్లదొక్కటే. తనిఖీ పుస్తకంలో పేరెక్కితే ఇక్కడే కాదు, ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు, పిల్లల ప్రాణాల మీదికి తెచ్చిందంటే పోలీసులు కూడా ఊరుకోరు. ఆ ఆలోచన దగ్గర మనసు కాస్త వెనక్కి తగ్గింది, తగ్గగానే సర్వరమ్మ దాన్ని పట్టుకుని ముందుకి నెట్టింది. జాలి పడేవాళ్ళనే మోసం చేస్తారు. అన్నట్టు ఆ బడికి పంపు బిగించిన కాంట్రాక్టరు మరిదికి స్నేహితుడు కాదూ? పోయిన నెల ఇంటికొచ్చి గడపలోనే నిలబడి మాట్లాడి వెళ్ళాడు. గడపలోనే ఎందుకు? లోపలికి వస్తే నేను వింటాననే. ఆ రోజు చిన్నకోడలు ఫోను మాట్లాడుతూ నన్ను చూసి గొంతు తగ్గించింది. అక్క పడుకుంది అని కూడా అంది. నేను పడుకోలేదు, కళ్ళు మూసుకున్నానంతే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. ఇక్కడ కళ్ళు మూసుకుంది ఎవరు, పాలు తాగింది ఎవరు అన్నది కాస్త కలిసిపోయింది గానీ, ఆమె దాన్ని విడదీసుకోలేదు. కుర్చీ దించింది కూడా ఆ పిల్లే. పొట్టి పిల్లే కదా.

పదకొండూ నలభై. రెండు గడియారాల్లోనూ అంతే, ఎప్పుడు కలిశాయో తెలియదు. డైరెక్టరమ్మ చేతికి ఒక కాగితం ఇవ్వాలి. పేరు చాలనే అంది గానీ, తనిఖీవాళ్ళు తనలాంటి వాళ్ళే అయి ఉంటారు, పేరు ఒక్కటి రాసిస్తే ఈ ఇల్లాలికి తోడికోడలి మీద ఏం కక్షో అనుకోరూ? సాక్ష్యం గట్టిగా ఉండాలి, ఫైలు ఫైలుకీ పూర్తి వివరం ఉండాలి, తర్వాత ఎవరూ వేలెత్తి చూపకూడదు. అందుకని, నిజం కోసమని కాదు, గట్టిదనం కోసమని, సర్వరమ్మ చాలా కాలం తర్వాత అడ్డదారి వదిలి ఫైండ్‌ని పూర్తిగా కొట్టింది, చివర మైనస్ ఎల్ఎస్ అని చేర్చి, ఉన్నదంతా చెప్పు అని. ఏడు పొడుగాటి వరసలు వచ్చాయి. అనుమతులు, యజమాని, పరిమాణం, తేదీ. తేదీ దగ్గర నెలా రోజూ ఉన్నాయి, గంటా నిమిషమూ ఉండాల్సిన చోట ఏడాది ఉంది. ఆర్నెల్లు దాటిన ఫైలుకి ఆ కమాండ్ గంట చూపించదు, ఏడాది చూపిస్తుంది. ఈ సంగతి ఈ భవనంలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఏడింటికీ ఒకటే తేదీ. రెండేళ్ళ కిందటిది, నీళ్ళు పరీక్షించిన నాలుగో రోజు. రెండేళ్ళ కిందట చిన్నకోడలు ఈ ల్యాబ్ గేటు కూడా చూడలేదు. చేరి నాలుగు నెలలు.

తేదీ మార్చి ఉంటుంది! ముందు అలాగే తోచింది, అలవాటు అలాంటిది. ఫైలు తేదీని వెనక్కి జరపొచ్చు, దానికో కమాండ్ ఉంది. ఆ కమాండ్ తెలిసినవాళ్ళు ఎవరెవరు అని వేళ్ళు మడవబోయింది, ఒక్క వేలు మడిచి ఆగిపోయింది, ఆ వేలు మడిచింది తన పేరుకే. నాలుగు నెలలుగా ఆ పిల్ల ఫైలు దాచడానికి ఏ మీట నొక్కాలో చీటీ మీద రాసుకుని, ఆ చీటీ కంప్యూటరుకి అంటించుకుని చూసి చూసి చేస్తోంది. సర్వరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. మళ్ళీ కొట్టింది, ఈసారి యజమాని పేరు వద్దు, అంకె చూపించు అని. ఎందుకంటే ఫైలు మీద పేరు ఎప్పుడూ ఉండదు. ఫైలు మీద ఉండేది అంకె. అడిగినప్పుడు కంప్యూటరు ఉద్యోగుల జాబితా తెరిచి, ఈ క్షణాన ఆ అంకె ఎవరిదైతే వాళ్ళ పేరు చదువుతుంది. నిన్న ఎవరిదో దానికి అక్కర్లేదు. ఏడింటి పక్కనా వెయ్యిన్నీ పద్నాలుగు వచ్చింది. సొరుగులోంచి అట్ట ఊడిన పుస్తకం తీసింది, అంకెలు ఎవరెవరికి ఇచ్చిందో రాసుకునే పుస్తకం, అంతా తన దస్తూరీయే. వెయ్యిన్నీ పద్నాలుగు దగ్గర పోయిన ఏడాది రిటైరైన పెద్ద కెమిస్టుగారి పేరు ఉంది, దాని మీద అడ్డగీత ఉంది, గీత పక్కన చిన్నకోడలి పేరు ఉంది.

గీత కొట్టింది తను. పెద్ద కెమిస్టుగారు వెళ్ళిపోయిన రోజు సాయంత్రం పైన పూలగుత్తులిస్తూ చప్పట్లు కొడుతుంటే, కింద ఈ కుర్చీలోనే కూర్చుని ఆయన పేరు జాబితాలోంచి తీసేసింది. ఆయన పేరు మీదికి వచ్చిన ఫైళ్ళు మాత్రం ఆ అంకె మోసుకుంటూ అలాగే ఉండిపోయాయి. అదొక్కటే తప్పయితే ఫరవాలేదు, ఫైండ్ పేరు దొరక్క ఉత్తి అంకె చూపించి ఊరుకునేది. నాలుగు నెలల కిందట చిన్నకోడలు చేరిన పొద్దున కొత్త అంకె తీయాలి. తీయడం ఒక్క నిమిషం పని. కానీ పద్నాలుగు ఖాళీగా ఉంది కదా, పారేయడం ఎందుకు, ఆ పిల్లకి సరిపోతుంది అనుకుంది. మూత పట్టని కుక్కరు ఇచ్చినప్పుడు అనుకున్న మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. ఇంకెవరు చేరినా కొత్త అంకే ఇచ్చింది, పుస్తకం తిరగేస్తే వరసగా కనిపిస్తూనే ఉంది. పాతది అంటగట్టింది ఇంటి మనిషికే. పెద్ద కెమిస్టుగారు ఎందుకు మార్చారు, ఎవరు మార్చమన్నారు, ఆ పెద్దమనిషి చేశారా, ఆయన కుర్చీలో ఇంకెవరైనా కూర్చుని చేశారా, వెయ్యి అనుమానాలు తలుపు దగ్గర వరస కట్టాయి. జీవితంలో మొదటిసారి సర్వరమ్మకి ఒక్కదాన్నీ లోపలికి రానివ్వాలనిపించలేదు. అవి తేల్చడానికి తనిఖీవాళ్ళున్నారు. ఆమెకి కావలసింది ఇప్పుడు ఒక్కటే, పన్నెండు కాకముందు ఈ పుస్తకంతో డైరెక్టరమ్మ గదికి మూడు అంతస్తులు ఎక్కడం. నేను సంతోషించాను అనుకుంది మెట్ల మీద. నలుగురి అన్నం పోతుందని తెలిసి సంతోషించాను. రెండో అంతస్తు దగ్గర ఊపిరి అందలేదు, గోడ పట్టుకుంది, సీసాలు కడిగే మందు వాసన ముక్కుకి కొట్టింది, నిలబడకుండా ఎక్కింది. ఈ ఎనిమిదేళ్ళలో ఆ పిల్లని తల్లీ అని ఒక్కసారి పిలిచి ఉంటే నా సొమ్మేం పోయేది అనుకుంది.

మూడో అంతస్తులో డైరెక్టరమ్మ గది తలుపు తెరుచుకుని చిన్నకోడలు బయటికొస్తోంది. మెడలో కార్డు లేదు. కళ్ళు అప్పుడే తుడుచుకున్నట్టున్నాయి, ముఖం మాత్రం తేరుకుని ఉంది.

"నువ్వెందుకు ఆయాసపడుతూ వచ్చావక్కా? అయిపోయింది. ఒప్పేసుకున్నాను."

"ఏం ఒప్పుకున్నావు?"

"ఆ ఏడూ నేనే మార్చానని. రాసి సంతకం పెట్టేశాను."

"నువ్వు మార్చలేదే!"

"నాకూ గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కొత్తలో తెలియక ఏ మీట నొక్కానో ఏమో. నువ్వు చూపించావు కదా, నువ్వు చూశావంటే అందులో తప్పుండదు. పిల్లలక్కా, అరవైమంది..." మెడలో లేని కార్డు కోసం చెయ్యి వెళ్ళి వచ్చింది. "నిన్నేమీ అనొద్దని చెప్పాను. నన్ను చేర్పించింది నువ్వని నీ మీదికి రాకూడదు కదా."

సర్వరమ్మ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, గింజుకుంటున్నా వదలకుండా, మళ్ళీ ఆ గదిలోకే లాక్కుపోయింది. లోపల తనిఖీవాళ్ళు ముగ్గురు అప్పుడే కుర్చీలు జరుపుకుంటున్నారు, డైరెక్టరమ్మ ముందు సంతకం తడి ఆరని కాగితం ఉంది. సర్వరమ్మ అట్ట ఊడిన పుస్తకం ఆ కాగితం మీద పెట్టింది.

"ఈమె చెయ్యలేదండీ. తప్పు నాది. నేను సగమే చూశాను, చూసిందే చాలనుకున్నాను. తేదీలు రెండేళ్ళ కిందటివి. వేరేవాళ్ళ అంకె ఈమెకి ఇచ్చింది నేనే, ఇదిగో, నా చేత్తోనే రాశాను."

తనిఖీవాళ్ళలో ఒకాయన కళ్ళజోడు సర్దుకుని ఆమెని పైనించి కిందికి చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు, పదకొండేళ్ళుగా తను అందరినీ చూసే చూపు అది. "మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళా?" అన్నాడాయన.

వెనకనించి చిన్నకోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినపడకూడదనుకుంటూ అందరికీ వినపడేలా, ఎనిమిదేళ్ళలో ఎన్నడూ లేనంత ప్రేమగా అంది:

"వద్దక్కా. నా కోసం నువ్వు అబద్ధం చెప్పొద్దు."